నాలుగో మూలన తుమ్మముళ్ళు

"అమ్మా, దే ఆర్ గోయింగ్ టు కట్ యువర్ థార్న్స్!"

షీనా వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాట అన్నప్పుడు మరియరాణి పొయ్యి ముందు ఉంది. గిన్నెలో చేపల పులుసు కుతకుతలాడుతోంది. పులుసు మరుగుతుండగా గరిటె పెట్టకూడదనీ, గిన్నె పట్టుకుని కుదపాలనీ నరసాపురంలో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు. మరియరాణి ఆ సంగతి మరిచిపోయి గరిటె పెట్టి గిరగిరా తిప్పేసింది. ముక్కలన్నీ చెదిరిపోయాయి.

"ఎవరే కోసేది?"

"స్టీవ్, ఎవా ఆంటీ నెఫ్యూ. అండ్ ఆ బ్రిస్బేన్ మ్యూజియం క్యూరేటర్ లేడీ. టేబుల్‌క్లాత్‌లో నీ కార్నర్ ఉంది కదా, దట్స్ గోయింగ్. అన్‌పిక్ చేసి, ప్లెయిన్‌గా ఫ్రేమ్ కట్టి వాల్‌కి పెడతారట. దిస్ ఆర్వో, ఈ మధ్యాహ్నమే."

షీనా యూనివర్సిటీలో చదువుతోంది. పూల పండగకి ఊరి చరిత్ర సంఘం వాళ్ళు పాత ఇళ్ళల్లోని చేతిపనుల ప్రదర్శన పెడుతుంటే, అక్కడ కార్డులు రాయడానికి వెళ్తోంది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే వచ్చేది ఇంగ్లీషే. ఇవాళ కంగారులో నాలుగు తెలుగు ముక్కలు కూడా వచ్చాయంటే వ్యవహారం ఎంత ముదిరిందో మరియరాణికి తెలిసిపోయింది.

బల్ల దగ్గర పేపరు చదువుతున్న శౌరయ్య తల పైకెత్తాడు. ఆయన ఆసుపత్రిలో ఫార్మసిస్టు. మందు అయినా మాట అయినా కొలిచి ఇచ్చే మనిషి.

"పోనీలే రాణీ. వాళ్ళ నాయనమ్మ కుట్టుకున్న బట్ట. వాళ్ళేం చేసుకుంటే మనకేం? ఈ ఊళ్ళో ఉండాల్సినవాళ్ళం. రేపు ఆ స్టీవ్ ఎదురుపడితే మొహం మొహం ఎలా చూసుకుంటాం?"

"ఎదురుపడేదాకా ఎందుకండీ? నేనే వెళ్ళి చూస్తా ఆ మొహం."

"నువ్వొట్టి తుమ్మమొద్దువే! ఒకచోట పడ్డావంటే ఎడ్లని కట్టి లాగినా కదలవు."

మరియరాణి పొయ్యి ఆపింది. చెయ్యి తుడుచుకుంది.

"బైబిల్లో దేవుడి మందసం చేసింది కూడా తుమ్మకర్రతోనే. పేపరు చదివినంత శ్రద్ధగా పాస్టరుగారి మాట విని ఉంటే మీకూ గుర్తుండేది. కారు తాళాలు ఎక్కడ పెట్టారు?"

శౌరయ్య నిట్టూర్చి లేచాడు. "నేను నడుపుతాలే. ఈ కోపంలో నువ్వు నడిపితే కొండ దిగి బ్రిస్బేన్‌లో తేలతాం."

*

అంత గొడవ దేనికో తెలియాలంటే ఎవా గురించి చెప్పుకోవాలి.

ఎవా పక్కింటి ముసలావిడ. పెళ్ళి చేసుకోలేదు. కంచె అవతల నుంచి మరియరాణిని పూర్తి పేరు పెట్టి పిలిచేది. ఈ ఊళ్ళో ఆ పని చేసింది ఆవిడ ఒక్కతే. నర్సింగ్ హోమ్‌లో తను చూసుకునే రోగులూ, డాక్టర్లూ, చివరికి పాలు పోసేవాడూ కూడా 'మేరీ' అని సగానికి కోసేసేవాళ్ళు. ఎవా మాత్రం నోరు తిరిగేదాకా నేర్చుకుని మరీ 'మ-రి-య-రా-ణి' అనేది. ఒక్కో అక్షరం దగ్గరా తల ఊపేది.

ఆవిడ బల్ల మీద ఉండేది ఆ బట్ట. చేత్తో నేసిన నారబట్ట. లేత గోధుమ రంగు. చుట్టూ తీగ అంచు, మూలమూలకీ పూలు. కుట్టింది ఎవా తల్లి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిస్బేన్‌లో కొంతమంది ఆడవాళ్ళు ఒక జట్టుగా చేరి కుట్టుపనీ కుండపనీ చెక్కపనీ నేర్చుకునేవాళ్ళట. మిషన్లు కుప్పలుగా పోసిన సరుకు ఇంటిని చంపేస్తుందనీ, ఇంట్లో వాడే వస్తువు మనిషి చేతిలోంచి పుట్టాలనీ వాళ్ళ పట్టు. ఈ పిచ్చి ఇంగ్లండులో మొదలైంది. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అనేవాళ్ళు. ఇక్కడి ఆడవాళ్ళు దాన్ని పట్టుకుని, ఇంగ్లండు గులాబీలు మాత్రం మాకొద్దన్నారు. పెరట్లో ఏది పూస్తే అదే బట్ట మీద కూడా పూయాలన్నారు.

అలా ఒక మూల గమ్ అనే నీలగిరి చెట్టు పూలు, ఒక మూల ఎర్రటి వరటా, ఒక మూల తెల్లటి ఫ్లానెల్ పూలు. నాలుగో మూల వాటిల్ పూలు కుట్టాలని ఎవా తల్లి పెన్సిలుతో గీసుకుంది. ఈలోపల పెళ్ళి చేసుకుని ఎక్కడో పడమటి ఎండల్లో గొర్రెల ఫారానికి కాపురానికెళ్ళింది. బట్ట కూడా వెంట వెళ్ళింది. నాలుగో మూల మొదలుపెట్టీ పెట్టకముందే జ్వరమొచ్చి పోయింది. సూది బట్టలో గుచ్చినది గుచ్చినట్టే ఉండిపోయింది. ఎవా దాన్ని తియ్యలేదు. అన్నం తినే బల్ల మీద ఆ మూలని జాగ్రత్తగా కిందికి వేలాడదీసి, దారం ఎక్కించిన సూదితో సహా, జీవితమంతా వాడుకుంది.

"నువ్వు పూర్తి చెయ్యి," అంది ఒకరోజు.

"నాదేముంది ఆంటీ, మా ఊళ్ళో లేసు అల్లుతారు. మా అమ్మమ్మ దగ్గర సూది పని కాస్త నేర్చుకున్నానంతే."

"నా కళ్ళు పోయాయి. నీ కళ్ళు బాగున్నాయి. వాటిల్ కుట్టు. అంతే."

పెన్సిలు గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. మరియరాణి గుర్తున్నది కుట్టింది. వాటిల్ అంటే ఏముంది, తుమ్మే కదా! నరసాపురం కాలవ గట్టు మీద పసుపుపచ్చ బంతుల్లా పూసే నల్లతుమ్మ. చిన్నప్పుడు బంక గీరి తిన్న చెట్టు. పచ్చటి బంతులు కుట్టింది. సన్నసన్నటి ఆకులు కుట్టింది. ప్రతి ఆకు మొదట్లోనూ జంట ముళ్ళు, తెల్లగా, సూదుల్లా, కాడకుట్టుతో నిలబెట్టింది.

ఎవా ఆ మూలని వేళ్ళతో తడిమి చూసింది. వేళ్ళు ఆగిపోయాయి.

"ఇవేంటి?"

"ముళ్ళు."

"మరియరాణీ, మా వాటిల్‌కి ముళ్ళుండవు."

మరియరాణికి తల కొట్టేసినట్టయింది. ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయింది, ఏటా ఈ కాలంలో రోడ్డు పొడుగునా పచ్చగా పూసిన చెట్లు చూస్తూనే ఉంది. చూసిందంతా కారు కిటికీలోంచే! ఒక్కరోజైనా దిగి కొమ్మ పట్టుకున్న పాపాన పోలేదు. దూరం నుంచి తుమ్మలా ఉంది గనక తుమ్మే అనుకుంది.

"అయ్యో, విప్పేస్తా ఆంటీ, ఎంతసేపు..."

ఎవా ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో!

"ముట్టుకున్నావంటే ఊరుకోను. సరైన చెట్టే కుట్టావు."

నవ్వింది. ఎందుకు నవ్విందో, ఏం సరైనదో చెప్పలేదు. మరియరాణీ అడగలేదు. ముసలివాళ్ళ మాటలకి అర్థాలు వెతకడం ఆమెకి అలవాటు లేదు.

ఆ చలికాలమే ఎవా మంచం పట్టింది. పోయే ముందు మేనల్లుడు స్టీవ్‌ని ఎదురుగా నిలబెట్టి, ఆ బట్ట తీయించి, మరియరాణి ఒళ్ళో పెట్టించింది. "ఇది దీనిది. బల్ల మీద పరుచుకోవాలి. బీరువాలో దాచారో, దయ్యమై వస్తా," అంది. స్టీవ్ సరేనన్నాడు. అంత్యక్రియలయ్యాక అదే స్టీవ్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, ప్రదర్శనకి కాస్త అరువిస్తావా అని అడిగాడు. మరియరాణి ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది.

అరువిచ్చింది గానీ, కోసుకోమని ఇవ్వలేదు.

*

హాలులో పెద్ద బల్ల మీద బట్ట పరిచి ఉంది. పైన లైటు. పక్కన చిన్న కత్తెర, పటకారు, భూతద్దం, అచ్చం ఆపరేషన్ థియేటరులా. గోడకి ఆనించి గాజు ఫ్రేము. తెల్ల గ్లవ్స్ వేసుకున్న క్యూరేటర్ నాలుగో మూల మీదికి వంగి ఉంది. స్టీవ్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. మనిషి తలుపంత వెడల్పు. పడమటి పశువుల ఫారాల్లో ఎండకి కాలి కాలి మెడ ఇటుక రంగులోకి తిరిగింది.

"ఆగండి!" అంది మరియరాణి గుమ్మంలోంచే.

క్యూరేటర్ కత్తెర గాలిలో ఆగింది.

అక్కడ జరిగిన గొడవంతా ఇంగ్లీషులోనే. మనం మన మాటల్లో చెప్పుకుందాం.

"ఓ, మేరీ," అన్నాడు స్టీవ్ ఇబ్బందిగా. "నువ్వు ఇవాళ రావక్కర్లేదు. ప్రారంభం రోజున పిలుద్దామని..."

"మరియరాణి."

"సరే, మరియా, విను..."

"రాణి కూడా ఉంది."

వెనకాల శౌరయ్య దగ్గాడు. ఆ దగ్గుకి 'ఇక చాల్లేవే' అని అర్థం. ఆమె వినిపించుకోలేదు.

"నా బట్టకి కత్తెర ఎవరు పెట్టమన్నారు?"

క్యూరేటర్ గ్లవ్స్ తీసింది. మర్యాదస్తురాలే. "చూడండి, మీ కుట్టు బాగుంది. చాలా బాగుంది. కానీ మూడు మూలలు ఒక చేతివి, ఒక కాలానివి. నాలుగోది నిన్నటిది. వస్తువుని మొదట ఎలా ఉందో అలా చూపించడం నా పని. పైగా ఈ కుట్టుపని చేసినవాళ్ళకి ఒక నియమం ఉండేది. కళ్ళెదుట ఉన్న చెట్టునే కుట్టాలి. ముళ్ళున్న వాటిల్..." ఆవిడ ఆగింది. "అలాంటిది లేదు."

"లేకపోవడమా? ఉంది!" స్టీవ్ అందుకున్నాడు. గొంతులో అణుచుకున్న మంట బయటికొచ్చింది. "అది వాటిల్ కాదు. అది ప్రిక్లీ అకేషా. అదేంటో మీ ఇద్దరికీ తెలీదు. నాకు తెలుసు. పచ్చిక చంపేస్తుంది. నీళ్ళ గుంటల చుట్టూ కోట కట్టేస్తుంది. పశువు నోరు పెట్టలేదు, మనిషి కాలు పెట్టలేడు. గవర్నమెంటే దాన్ని పీడ అని ప్రకటించింది. నా వయసంతా దానితో కొట్లాటకే పోయింది. ట్రాక్టర్లకి గొలుసులు కట్టి పెకలించాను. మొన్నటికి మొన్న వాటిల్‌ని దేశపు పువ్వు చేశారు. ఆ పువ్వు ఉండాల్సిన చోట, మా నాయనమ్మ బట్ట మీద, ఆ దరిద్రాన్ని కుట్టిపెట్టావు!"

తను బంక తిన్న చెట్టుకి ఈ దేశంలో ఇంత పేరుందని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"అదెక్కడి నుంచి వచ్చింది ఇక్కడికి?"

"ఎక్కడినుంచేంటి, మీ దేశం నుంచే."

"నడిచొచ్చిందా? ఈదుకుంటూ వచ్చిందా?"

షీనా కిసుక్కున నవ్వింది. స్టీవ్ మొహం మెడ రంగుకి తిరిగింది.

"ఎవడో తెలివితక్కువవాడు ఓడలో విత్తనాలు తెప్పించాడు. గొర్రెలకి నీడ లేదని."

మరియరాణి కూతురి వైపు తిరిగింది. తెలుగులో అంది: "విన్నావుటే? కావాల్సినప్పుడు నీడ. అక్కర తీరాక పీడ."

"ఏమంటోంది?" అన్నాడు స్టీవ్.

"షీ సేస్..." షీనా తడబడింది. "వెన్ యూ నీడెడ్ ఇట్, ఇట్ వాజ్ షేడ్. ఆఫ్టర్ దట్, పెస్ట్." కాస్త ఆలోచించి, గర్వంగా కలిపింది, "ఇట్ రైమ్స్ ఇన్ తెలుగు."

బయట ఎవరో పూల కుండీలు దించుతున్న చప్పుడు. శౌరయ్య భార్య చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విడిపించుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కత్తెర తీసుకుంది. క్యూరేటర్ ఉలిక్కిపడింది. ఏం చేస్తుందోనని శౌరయ్యా ఉలిక్కిపడ్డాడు.

మరియరాణి ఆ కత్తెర స్టీవ్ చేతిలో పెట్టింది.

"తియ్యి. ఆవిడ కాదు, నువ్వే. మీ అత్త ఎదురుగా కూర్చుని కుట్టాను నేను. నా ఎదురుగా కూర్చుని నువ్వు విప్పు. చూస్తా."

అంత పెద్ద చేతిలో ఆ కత్తెర బొమ్మలా ఉంది. స్టీవ్ వెనక్కి తగ్గే రకం కాదు. తుమ్మలు పీకిన మనిషి దారం పీకలేడా? వంగాడు. ఒక ముల్లు కింద కత్తెర మొన దూర్చాడు. 'టిక్'మంది. తెగిన కొస పట్టుకుని లాగాడు.

ముల్లు రాలేదు. ముల్లు పక్కనున్న ఆకు ముడుచుకుంది.

ఇంకాస్త లాగాడు. ఆకు కాదు, అంచులోని తీగ ముడుచుకుంది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. మరో గుంజు గుంజేసరికి ఆ మూల దాటి, ఎవా తల్లి కుట్టిన ఫ్లానెల్ పూల కాడ దాకా బట్ట ముడతలు పడింది. ఒక తెల్లపువ్వు తల వాల్చేసింది.

"ఆపండి!" క్యూరేటర్ అరిచినంత పని చేసింది. స్టీవ్ చేతిని పక్కకి నెట్టి, బట్ట తిరగేసి, భూతద్దం తీసుకుంది. వెనక వైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంది. ఆవిడ వేలు దారం వెంట వెళ్ళింది. వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"ముడి ఏదీ?"

"లేదు," అంది మరియరాణి. "ముడి వేసేది చేతకాని పిల్ల అని మా అమ్మమ్మ చేతి మీద కొట్టేది. స్టీవ్ వాళ్ళ నాయనమ్మా వేసేది కాదు. ఆవిడ సూది ఇక్కడే గుచ్చి ఉంది, ఆవిడ దారంతో సహా. కొత్త దారం ఎందుకు దండగ? ఆ సూదే తీసుకున్నా. ఆ దారంతోనే మొదలెట్టా. అయిపోయాక ఆవిడ కుట్టు కింద నుంచి నా దారం నడిపించా. ఎక్కడ ఆవిడ ఆగిందో, ఎక్కడ నేను మొదలయ్యానో మీరే చూపించండి. చూపించిన చోట కోసుకోండి. నేను అడ్డం రాను."

క్యూరేటర్ భూతద్దం దించింది. ఆవిడ మొహంలో కోపం లేదు. మంచి వస్తువు చూసినప్పుడు ఆ వృత్తిలో వాళ్ళ మొహాల్లో కనిపించే ఆకలి ఉంది.

"నేను కొయ్యను," అంది. "ఎవరినీ కొయ్యనివ్వను."

ఇక్కడితో అయిపోయిందనుకున్నాడు శౌరయ్య. కానీ స్టీవ్ మొండితనం కూడా తక్కువ రకం కాదు.

"సరే. కొయ్యొద్దు. ఆ మూల వెనక్కి మడిచి ఫ్రేమ్ కట్టండి. ఎవరికీ కనపడదు."

మరియరాణికి అప్పుడు వచ్చింది అసలు కోపం. కోస్తామన్నప్పటి కంటే ఎక్కువ. కోసేవాడికి కనీసం అక్కడ ఏదో ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది. మడిచేవాడికి అదీ అక్కర్లేదు.

"మడవరు," అంది. బట్ట చివర పట్టుకుని తన వైపు లాక్కుంది. "నా బట్ట నాకిచ్చెయ్యండి. ఇంటికి పట్టుకుపోతా."

స్టీవ్ అవతలి చివర పట్టుకున్నాడు. "ఇది మా కుటుంబం బట్ట!"

"మీ అత్త ఎవరి ఒళ్ళో పెట్టించింది? పెట్టింది నీ చేతులే కదా! ఆవిడేమందో చెప్పు. నీ నోటితో చెప్పు."

ఇద్దరి మధ్యా నారబట్ట తెరచాపలా బిగిసింది. స్టీవ్ ఎలాంటివాడైనా అబద్ధాలకోరు కాదు. అదే అతని చిక్కు.

"బల్ల మీద పరవాలంది."

"గోడకి తగిలించమందా?"

"అనలేదు."

"ఈ మూల సంగతి ఏమంది? నాతో ఒక మాటంది. నీతోనూ అనకుండా ఉండదు."

స్టీవ్ చూపు ఆ ముళ్ళ మీదికి వెళ్ళింది.

"సరైన చెట్టు కుట్టిందంది. రెండుసార్లంది. మతి తప్పిందనుకున్నా. ముళ్ళచెట్టు సరైనదేంటి? మా అత్తకి ఆ చెట్టంటే..." బట్ట పట్టుకున్న పిడికిలి కొంచెం సడలింది. "బెంచీ."

"ఏం బెంచీ?" అంది క్యూరేటర్.

"పాత ఇంటి వెనకాల. నీళ్ళ ట్యాంకు పక్కన మా తాత వేసిన చెట్ల వరస ఉండేది. ఇవే. ముళ్ళవే. కనుచూపు మేర ఇంకో చెట్టు లేదక్కడ. వాటి కింద ఒక చెక్క బెంచీ. మేం పిల్లలం దాన్ని నాయనమ్మ బెంచీ అనేవాళ్ళం. ఆవిడ అక్కడ కూర్చుని కుట్టుకునేదట, ఇంట్లో వేడికి ఉండలేక. నేనావిణ్ణి చూడలేదు. ఆ వరస నేనే పీకించా. బెంచీతో సహా."

అదన్నమాట ఎవా నవ్వుకి అర్థం. బ్రిస్బేన్‌లో పెన్సిలుతో గీసుకున్నప్పుడు ఎవా తల్లి కళ్ళెదుట ఉన్నది వాటిల్. సూది గుచ్చి వదిలేసినప్పుడు నెత్తిన ఉన్నది తుమ్మ. కళ్ళెదుట ఉన్న చెట్టునే కుట్టాలన్నది వాళ్ళ నియమమే కదా! తెలిసి కుట్టాల్సిన చెట్టుని మరియరాణి తెలియక కుట్టింది, అంతే.

తను తిట్టిన తెలివితక్కువవాడు తన తాతేనన్న సంగతి స్టీవ్‌కి ఇప్పుడే తట్టినట్టుంది. బట్ట వదిలేశాడు.

ఇంకో ఆవిడైతే ఈ పాటికి కళ్ళు తుడుచుకుని, పోనీలే బాబూ అనేది. మరియరాణి అనలేదు. గెలిచినప్పుడు మెత్తబడితే గెలుపు అరువుకి పోతుందని ఆమె నమ్మకం.

"ప్రదర్శనకి ఉంచాలంటే గోడ మీద కాదు. బల్ల మీద. పైన కప్పులూ సాసర్లూ పెట్టండి, కాఫీ పొయ్యండి, నాకేం ఫర్వాలేదు. ఈ మూల గుమ్మం వైపు ఉండాలి. వచ్చినవాళ్ళ మోకాలికి తగలాలి."

"తగలాలి," అంది క్యూరేటర్, నవ్వు దాచుకోకుండా.

"కార్డు మీద రెండు పేర్లు. నా పేరు పూర్తిగా. 'తర్వాత చేర్చినది', 'పొరపాటున కుట్టినది' అంటూ తోకలు పెట్టకండి. షీనా, చెట్టు పేరు కూడా రాయి."

"వాట్ డు ఐ రైట్? ప్రిక్లీ అకేషా?"

"తుమ్మ అని రాయి."

"అమ్మా, హూ విల్ నో వాట్ దట్ ఈజ్?"

"తెలియనివాళ్ళు అడుగుతారు. అడిగితే నువ్వు చెప్తావు."

షీనా స్కెచ్ పెన్ను తీసి, ఇంగ్లీషు అక్షరాల్లో మెల్లగా రాసింది. రాసినదాన్ని పైకి చదువుకుంది. 'తుమ్మ' అన్న మాటని ఆ పిల్ల అంత జాగ్రత్తగా పలకడం శౌరయ్య ఎప్పుడూ వినలేదు.

"ఇంకొక్కటి," అంది మరియరాణి. సంచిలోంచి సూది తీసింది. దారం తీసింది. స్టీవ్ వైపు జాపింది. "నువ్వు కోసిన ముల్లు నువ్వే కుట్టాలి."

"నేనా? నాకు రాదు!"

"పీకడం వచ్చుగా. నాటడం కూడా రావాలి. కూర్చో."

ఆ తలుపంత మనిషి కుర్చీలో కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికే చెమటలు పట్టాయి. శౌరయ్యకి ఏమనిపించిందో, తన కళ్ళజోడు తీసి అతనికిచ్చాడు. క్యూరేటర్ లైటు దగ్గరికి జరిపింది. ముడుచుకున్న తీగని మరియరాణి గోటితో సర్ది, సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో వేలు పెట్టి చూపించింది. ఒక్కసారే చూపించింది.

స్టీవ్ కుట్టాడు. ముల్లు వంకరగా, లావుగా, పక్క ముల్లుకి సంబంధం లేకుండా వచ్చింది. మధ్యలో సూది చూపుడువేల్లో దిగి, నోట్లోంచి ఒక బూతు వచ్చింది.

"ముల్లు కదా," అంది మరియరాణి. "గుచ్చుకుంటుంది."

చివరికొచ్చాడు. తెగిన కొస పట్టుకుని దిక్కులు చూశాడు.

"ఇప్పుడు ముడి వెయ్యనా?"

"వేశావంటే చేతి మీద కొడతా."

శౌరయ్య గుమ్మం దగ్గర నిలబడి నవ్వుకున్నాడు. "తుమ్మమొద్దు," అనుకున్నాడు పైకే. ఈసారి ఆ మాట తిట్టులా లేదు.

"వినపడింది," అంది మరియరాణి తల తిప్పకుండానే. "ఇంటికెళ్ళి పులుసు వేడి చెయ్యండి. స్టీవ్ భోజనానికి వస్తాడు. ముక్కలు చెదిరిపోయాయి, ముళ్ళు చూసుకుని తినమని చెప్పండి."